వెండాకేలో మళ్లీ వినిపిస్తున్న మాట



ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు హైస్కూల్లో ఉండగా నాతో కలిసి కెనడాలోని క్యూబెక్ వచ్చారు. అక్కడ చూసిన చదువు గురించే నాలుగు మాటలు చెబుతాను.

ఫ్రెంచివాడైన షాంప్లేన్ 1608లో స్థాపించిన ఆ నగరం 1759లో ఆంగ్లేయుల వశమైంది. కోట బయటి మైదానంలో జరిగిన పోరులో ఇరుపక్షాల సేనానులూ గాయపడి ప్రాణాలు విడిచారు. పాలకులు మారినా జనం ఫ్రెంచ్ వదల్లేదు. ఇంట్లో మాట్లాడుకుంటే చాలదని తెలిసి, 1977లో చట్టం చేసి, వలస కుటుంబాల పిల్లల్ని కూడా చాలావరకు ఫ్రెంచ్ బడిలోనే చేర్చారు. మనం కూర్చున్న తరగతి గుర్తుందా? కొత్తగా దేశానికి వచ్చిన ఒక పాప మాట దొరక్క తడుముకుంటోంది. టీచరమ్మ తొందరపెట్టలేదు, తాను అందుకుని పూర్తి చెయ్యలేదు. వాక్యం ముగిసేదాకా అలాగే నిలబడింది. చట్టాన్ని బతికిస్తున్నది ఆ ఓపికే అనిపించింది నాకు.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం నగరం పక్కనే ఉన్న వెండాకే. అది హురాన్-వెండాట్ల ఊరు. ఫ్రెంచివాళ్లు రాకముందు నుంచీ ఆ ఖండంలో ఉన్న జాతి వాళ్లది. వాళ్ల భాష ఇళ్లలో వినబడక వందేళ్లు దాటింది. మిగిలినవల్లా ఫ్రెంచ్ మిషనరీలు మతప్రచారం కోసం 17, 18 శతాబ్దాల్లో రాసుకున్న నిఘంటువులు, వ్యాకరణాలు, కొన్ని పాత పాటల రికార్డింగులు. 2007లో లావాల్ విశ్వవిద్యాలయంతో కలిసి వాటిలోంచే భాషను తిరిగి కూడదీసుకోవడం మొదలుపెట్టారు. తమ పూర్వీకుల్ని మార్చడానికి రాసిన పుస్తకాలే ఈ తరానికి దిక్కయ్యాయి. తప్పు పలికితే దిద్దడానికి ఊళ్లో ఒక్క ముసలమ్మ లేదు!

మన గిరిజన భాషలకు అలాంటి పెద్దలు ఇంకా ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడి పెట్టారు, 1931లో ఆ భాష వ్యాకరణం అచ్చువేయించారు. ఆయన పని ఆగకూడదు. సీతంపేట, పాడేరు, భద్రాచలం వైపు నుంచి వచ్చిన పిల్లలారా, సెలవుల్లో ఇంటికి వెళ్లగానే మీ అమ్మమ్మ, తాతయ్యల మాటలు ఫోన్లో రికార్డు చెయ్యండి. తర్వాత మీకు వచ్చిన లిపిలో రాసిపెట్టండి. విత్తనాల పేర్లు, చేపల పేర్లు, పశువుకు జబ్బు చేస్తే నూరిపోసే ఆకుల పేర్లు ముందు అడగండి. అన్నిటికన్నా త్వరగా మరుగున పడేవి అవే.