అమ్మ చేతికి చిన్న కంప్యూటరు

(గ్రామ గ్రంథాలయములో జరిగిన సభయందు ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను మాట్లాడదలచినది పెద్ద ప్రణాళికను గూర్చి కాదు; ఇంటిలోని పెద్దవారికి ఉపకరించు ఒక చిన్న యంత్రమును గూర్చి.

మా తల్లిగారు స్వగ్రామములో ఒంటరిగా నివసించుచున్నారు. నాన్నగారి తదనంతరము వచ్చు కుటుంబ పింఛను ప్రతినెల ఆమె ఖాతాలో జమ యగును. ఫోనులోని అక్షరములు ఆమె కంటికి ఆనవు. అక్షరము పెంచినచో మాట తెర దాటిపోవును. కావున డబ్బు పడినదో లేదో తెలిసికొనుటకు ఆమె ఫోనును, దానితోబాటు రహస్య సంఖ్యను గూడ, ఎదుట కన్పించిన కుర్రవానికి అప్పగించుచుండిరి. ఈ సంగతి తెలిసిననాడు నా గుండె ఝల్లుమన్నది. ఊరూర తిరిగి జాగ్రత్తలు బోధించు నేను మా ఇంటి సంగతి ఎరుగకపోతిని. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు ఊరకనే అనలేదు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ మొదలగువారు, పిల్లలు కంప్యూటరు విద్యను స్వయముగా చేసి నేర్చుకొనవలెనను తలంపుతో రాస్ప్‌బెర్రీ పై అను పలకను రూపొందించిరి. 2012 ఫిబ్రవరి 29న అది 35 డాలర్ల వెలకు మొదట అమ్మకమునకు వచ్చినది. పిల్లలకై పుట్టిన ఆ పలక పెద్దలకును పనికివచ్చును. 2019లో వెలువడిన నాలుగవ రకము పొడవు 85, వెడల్పు 56 మిల్లీమీటర్లు. అనగా ఇంచుమించు బ్యాంకు కార్డంత మాత్రమే. నేను తీసికొనినది 4 జి.బి. జ్ఞాపకశక్తి గలది.

దానికి కావలసిన సామగ్రి స్వల్పము. 3 ఆంపియర్లనిచ్చు సరియైన విద్యుత్ ఎడాప్టరు, మైక్రో ఎస్.డి. కార్డు, వేడిని లాగుకొను అల్యూమినియపు పెట్టె, కీబోర్డు, మౌసు, చిన్న కెమెరా. తెరగా ఇంటిలోని టెలివిజనే చాలును. అయితే ఈ పలకకు చిన్న మూతి గల హెచ్.డి.ఎం.ఐ. తీగ వలయునని మరువరాదు. డెబియన్ లినక్సుపై ఆధారపడిన దీని వ్యవస్థకు రుసుము లేదు. తెలుగు అక్షరములకు బదులు గడులు కన్పించినచో తెలుగు ఖతులను చేర్చుకొనవలెను. పలక 8 వాట్ల చొప్పున దినమునకు 4 గంటలు నడచినను నెలకు ఒక యూనిటుకు మించదు. టెలివిజను ఖర్చు వేరు.

ఇక నేను చేసిన పొరపాటు చెప్పెదను. నాకు తెలిసిన విద్యయంతయు చూపదలచి తెర నిండ ఇరువది బొమ్మలు పేర్చితిని. నెల దినముల తరువాత పోయి చూడగా యంత్రముపై గుడ్డ కప్పియున్నది. కారణమడిగితిని.

“ఏది నొక్కితే ఏమి పోవునోనని భయము నాయనా! నన్నడిగితివా, నాకేమి కావలెనో?” అనిరి అమ్మ.

ఆ మాట నిజము. అప్పుడడిగితిని. ఆమెకు కావలసినవి నాలుగే: పింఛను లెక్క, మనుమరాలి ముఖము, వార్తాపత్రిక, పొలము కాగితము. తక్కినవన్నియు తీసివేసి, ఆ నాలుగింటికే తెలుగు పేర్లు వ్రాసి, అక్షరములను ఒకటిన్నర రెట్లు పెంచితిని. బ్యాంకు పంపు సంఖ్య ఫోనుకే వచ్చును గనుక, సందేశముల అక్షరములను మాత్రము అందులోనే పెద్దవి చేసితిని.

రెండవ చిక్కు కరెంటు. పని నడుచుచుండగా విద్యుత్తు పోయినచో కార్డులోని సమాచారము చెడవచ్చును. అందుచే పలకను ఇన్వర్టరుకు కలిపితిని. మూసివేయు క్రమమును అట్టపై వ్రాసి గోడకు తగిలించితిని. సిద్ధమైన కార్డుకు మరియొక ప్రతిని తీసి పెట్టెలో ఉంచితిని. మొదటిది చెడిన రెండవది మార్చిన చాలును.

అన్ని పనులు దీనితో తీరవు. ఫోనుకై మాత్రమే చేసిన అనువర్తనములు కొన్ని ఇందులో నడువవు. ఇంటిలో పాత కంప్యూటరున్నచో ముందు దానియందే లినక్సు వేసి చూడుడు. చాలకున్ననే కొత్తది కొనుడు. రహస్య సంఖ్యలను యంత్రములో దాచి ఉంచకుడు. పోలీసులమని చెప్పి ఎవరైన ఫోనులోనే నిర్బంధించితిమని బెదరించినచో నమ్మవలదు. ‘డిజిటల్ అరెస్టు’ అనునది చట్టములో లేదు. మోసము జరిగినచో ఆలసింపక 1930 సంఖ్యకు తెలుపవలెను.

మొన్న అమ్మ ఫోను చేసి, “పింఛను పడినది. నేనే చూచితిని,” అనిరి. ఆ ‘నేనే’ అను మాటకొరకే ఈ శ్రమయంతయు. మీరును యంత్రము కొనుటకు ముందు మీ పెద్దల చెంత కూర్చుండి, వారికేమి కావలెనో అడుగుదురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.