సీసపు గుండు సాక్ష్యము



పొలము దున్నునపుడు గాని, లోహములను కనిపెట్టు యంత్రముతో వెదకునపుడు గాని సీసపు గుండు దొరికినచో "ఇది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నాటిది" యనుట బేస్తవారిపేట ప్రాంతమున సహజము. 1846లో రెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై బడి, గిద్దలూరు చెంత కుంఫిణీ సేనతో పోరెను. 1847 ఫిబ్రవరి 22న ఉరికంబ మెక్కెను. అయినను అభిమానము వేరు, సాక్ష్యము వేరు.

మొదట ఆకారము చూడవలెను. నాటి కుంఫిణీ సిపాయి తుపాకి గుండు గోళాకారము. అడ్డుకొలత సుమారు 17.5 మిల్లీమీటర్లు, తూకము సుమారు 31 గ్రాములు, అనగా రెండున్నర తులములకు పైచిలుకు. రాతికి తగిలి అణగిన గుండునకు కొలత చెడును గాని తూకము అంతగా చెడదు. కొన శంకువువలె, అడుగు బోలుగా నున్నచో అది 1853 నమూనా ఎన్‌ఫీల్డు వంటి రైఫిలుది. రెడ్డి మరణానంతరము వచ్చినది. గట్టిలోహపు తొడుగున్నచో మరింత ఇటీవలిది.

గోళమైనంత మాత్రమున 1846 నాటిదని నిశ్చయింపరాదు. వేటగాండ్రును అట్టి గుండ్లనే వాడిరి. కావున దొరికిన తావే ముఖ్యము. తావు తెలియని గుండు సర్వే నంబరు లేని పొలము వంటిది.

గుండు దొరికినవారు దానిపై తెల్లని పొరను గీకరాదు. పాతసామానుల వానికి అమ్మరాదు. సర్వే నంబరు, లోతు, తేదీ వ్రాసి, కంసాలి త్రాసున తూచి, ఆ వివరములు గ్రంథాలయమున నమోదు చేయింపవలెను. పేలని తూటా యైనచో ముట్టక పోలీసువారికి తెలుపవలెను.