చెత్తబండి ఎక్కడ ఆగుతుంది?



కోలారు నుంచి బెంగళూరుకు పాత మద్రాసు రోడ్డు మీద బస్సులో వెళ్ళేవారికి హొసకోటె దాటాక బూదిగెరె క్రాస్ వస్తుంది. అక్కడినుంచి లోపలికి పోతే మండూరు అనే ఊరుంది. బెంగళూరు ఇళ్ళలో ఊడ్చిన చెత్త ఏళ్ళ తరబడి లారీలకెక్కి ఆ ఊరి పొలిమేరకు చేరింది. ఈగలు, దుర్వాసన భరించలేక, నీళ్ళు పాడవుతున్నాయని 2014లో ఊరివాళ్ళు లారీలకు అడ్డంగా నిలబడ్డారు. ఆ ఏడాది చివరికి లారీలు ఆగాయి. అంతకు రెండేళ్ళ ముందు, 2012లో, యలహంక అవతల ఉన్న మావళ్ళిపురలో కూడా ఇలాగే చెత్త వేయడం ఆపవలసి వచ్చింది. అప్పుడు మహానగరం వీధుల్లోనే చెత్త గుట్టలు పడింది.

మండూరు మూతపడితే చెత్త మాయమైపోలేదు. బెళ్ళహళ్ళి, మిట్టగానహళ్ళి వైపు పాత రాతి క్వారీల దారి పట్టింది. ఒక ఊరి గోడు తీరేసరికి ఇంకో ఊరి గోడు మొదలయింది. ఈ కథ బెంగళూరుది మాత్రమే అనుకోకండి. ముళబాగిలు, చింతామణి, హొసూరు, బళ్ళారి, ఏ ఊరు పెరిగినా దాని చెత్త పక్క పల్లె మీదికే పోతుంది. ఆ పక్క పల్లె మనదే కావచ్చు. అందుకే ఈ పూట ఆ విషయం మాట్లాడుకుందాం.

నేను బడిలో కన్నడంలో పాఠం చెప్పి, ఇంటికొచ్చి తెలుగు మాట్లాడే మనిషిని. కన్నడంలో చెత్తను కస అంటారు. మన పెద్దవాళ్ళు కసువు ఊడ్చడం అంటారు. మాట ఇంచుమించు ఒకటే. మా అవ్వ కసువు ఊడ్చి దిబ్బలో వేసేది. ఏడాది తిరిగేసరికి ఆ దిబ్బ ఎరువై చేను చేరేది. అప్పుడు ఇంట్లో కుళ్ళనిదంటూ పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు పాలపొట్లం, షాంపూ సాచెట్టు, బ్యాటరీ, పసిబిడ్డల డయపరు, అన్నం మెతుకులు అన్నీ ఒకే సంచిలో పడుతున్నాయి. చిక్కంతా ఆ ఒక్క సంచిలోనే ఉంది.

ఈ సంచిని ఏం చేయాలన్నదానికి నగరాల ముందు ముఖ్యంగా మూడు పథకాలున్నాయి. మూడింటినీ బడి లెక్కలాగా చేసి చూద్దాం. వంద ఇళ్ళున్న ఒక వీధి. ఇంటికి రోజుకు ఒక కిలో చెత్త. మొత్తం వంద కిలోలు. లెక్క కోసం ఇందులో అరవై కిలోలు తడి చెత్త, ఇరవై అయిదు కిలోలు కాగితం, ప్లాస్టిక్కు, సీసా, రేకు వంటి పొడి చెత్త, పదిహేను కిలోలు దేనికీ పనికిరాని మిగులు అనుకుందాం. మీ వీధిలో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు. మన దేశంలో చాలా ఊళ్ళలో తడి భాగం సగం దాకానో, అంతకు ఎక్కువో ఉంటుంది.

మొదటి పథకం. అంతా కలిపి ఎత్తుకుపోయి, ఊరవతల పెద్ద కర్మాగారంలో జల్లెడపట్టి, తడిని ఎరువు చేయడం. ఇంటివాళ్ళకు ఏ శ్రమా లేదు. కాని సంచిలో కలిసినప్పుడే కాగితం సాంబారులో నాని పనికిరాకుండా పోతుంది. గాజుపెంకు, బ్లేడు ముక్క, బ్యాటరీలోని విషం ఎరువులో చేరుతాయి. జల్లెడ పెద్ద ముక్కను పట్టుకుంటుంది గాని చిన్న ముక్కను పట్టుకోలేదు. అలాంటి ఎరువును రైతు కొనడు. కొననప్పుడు అది కూడా గోతికే పోతుంది.

రెండో పథకం. కాల్చి కరెంటు తీయడం. వినడానికి ఇంపుగా ఉంటుంది. బెంగళూరు దగ్గర బిడదిలో రోజుకు 600 టన్నుల చెత్తతో 11.5 మెగావాట్ల కరెంటు తీయాలని 2020లో శంకుస్థాపన చేశారు. మహానగరంలో పుట్టే చెత్త రోజుకు కొన్ని వేల టన్నులు. పైగా తడి కట్టె పొయ్యిలో పెడితే ఏమవుతుందో ప్రతి ఇల్లాలికీ తెలుసు. తడి ఆరడానికే మంట సగం ఖర్చవుతుంది. బాగా మండేవి ఏవీ అంటే కాగితం, ప్లాస్టిక్కు. అవేమో పాతసామాన్ల అంగడికి అమ్మితే నాలుగు డబ్బులొచ్చే సరుకు. 2016 నాటి కేంద్ర నియమాలు కూడా, తిరిగి వాడుకోవడానికి వీలుకానిదై, కిలోకు 1500 కిలో కేలరీలో అంతకు మించో వేడి ఇచ్చే చెత్తను గోతిలో వేయక ఇంధనంగా వాడమన్నాయి. అంటే వేరుచేసిన తర్వాత మిగిలినదానికే పొయ్యి. వేరుచేయకుండా పొయ్యి పెట్టడం వెనక చక్రం ముందు తగిలించడమే. కాల్చాక బూడిద ఉంటుంది, ఆ బూడిదకూ ఒక గొయ్యి కావాలి.

మూడో పథకం. ఇంట్లోనే వేరుచేయడం. బెంగళూరులో 2012 అక్టోబరు నుంచి దీన్ని తప్పనిసరి అన్నారు. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతిని అందరూ పాటించాలని ఆదేశించింది. హసి కసకు, అంటే తడి చెత్తకు పచ్చ బుట్ట. ఒణ కసకు, అంటే పొడి చెత్తకు సంచి. డయపర్లు, కట్టుగుడ్డల వంటివాటికి ఎర్ర బుట్ట. తడి ఎరువుకు, పొడి వార్డులోని పొడి చెత్త కేంద్రానికి. మన వీధిలో వంద ఇళ్ళూ ఇలా చేస్తే గోతికి పోయేది పదిహేను కిలోలే.

ఇక్కడే నాకు ఒక సందేహం వచ్చింది. మూడో పథకం మంచిదని అందరూ ఒప్పుకుంటారు. మరి అది అన్నిచోట్లా ఎందుకు గెలవలేదు? మళ్ళీ లెక్కకు వద్దాం. వందలో డెబ్బై ఇళ్ళు వేరుచేశాయి, ముప్పై ఇళ్ళు చేయలేదు. డెబ్బై ఇళ్ళ తడి నలభై రెండు కిలోలు, పొడి పదిహేడున్నర కిలోలు. కలిపితే యాభై తొమ్మిదిన్నర కిలోలు గోతినుంచి తప్పాయి. ఇది మంచి ఫలితమే. కాని ఒక్క షరతు. ఆ ముప్పై ఇళ్ళ కలగాపులగం సంచులను బండిలో విడిగా ఉంచాలి. బండివాడు వాటిని తడి, పొడి చెత్త రెండింటితోనూ కలిపి గుమ్మరించాడా, డెబ్బై ఇళ్ళవాళ్ళ శ్రమ అంతా ఆ క్షణంలోనే బూడిదలో పోసిన పన్నీరు. యాభై తొమ్మిదిన్నర కాస్తా సున్నాకు దగ్గరవుతుంది. తమ కళ్ళముందే అన్నీ కలిపేయడం చూసిన ఇల్లాలు మరునాటినుంచి వేరుచేయడం మానేస్తుంది. ఆమెను తప్పుపట్టగలమా?

కాబట్టి ఒక పథకం ఎలాంటిదో బుద్ధిగా వేరుచేసే ఇంటి దగ్గర తేలదు, వేరుచేయని ఇంటి దగ్గర తేలుతుంది. బడి కూడా అంతే. మొదటి ర్యాంకు పిల్లను చూసి బడి మంచిదనలేం, వెనక బెంచీ పిల్లవాడు ఏమయ్యాడో చూడాలి.

దీన్ని నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా బడిలో ఒక ఏడాది ఎరువు గుంత తవ్వించాను. మధ్యాహ్న భోజనం విస్తళ్ళు, ఆకులు, కూరగాయ తొక్కలు అందులో వేయాలి. ఏ తరగతి ఎక్కువ బరువు తెస్తే ఆ తరగతికి బహుమతి అని ప్రకటించాను. పిల్లలు ఉత్సాహంగా తెచ్చారు. గుంత నెలలోపే నిండింది. నేను సంబరపడ్డాను. ఎరువు తయారయ్యాక ఒక పిల్లవాడి తండ్రికి రెండు బస్తాలు ఇచ్చాను. మూడో రోజు ఆయన బస్తాలు తిరిగి తెచ్చాడు. "ఎరువు బాగానే ఉండాది సార్. కానీ నా బిడ్డలు చెప్పుల్లేకుండా తిరిగే మడి అది. మీరే ఉంచుకోండి" అని, అరచేతిలో రెండు బ్లేడు ముక్కలు, ఒక గాజుపెంకు చూపించాడు. నాకు తల కొట్టేసినట్లయింది. తప్పు పిల్లలది కాదు, నాది. బరువుకు బహుమతి పెడితే బరువే వస్తుంది. మరుసటి ఏడాది పద్ధతి మార్చాను. ఎరువు జల్లించినప్పుడు జల్లెడ మీద తక్కువ మిగిలిన తరగతికి బహుమతి. గుంత నెమ్మదిగా నిండింది. ఆయన మళ్ళీ వచ్చి అడిగి మరీ బస్తాలు తీసుకుపోయాడు.

ఊళ్ళ విషయం కూడా ఇదే. ఎన్ని టన్నులు ఎత్తితే అంత డబ్బు అని గుత్తేదారుతో ఒప్పందం చేసుకుంటే, చెత్త తగ్గాలని అతడికి ఎందుకుంటుంది? వాన తడిసిన చెత్త ఇంకా బరువు తూగుతుంది కదా. ఎత్తినదానికి కాకుండా, రైతుకూ పాతసామాన్ల అంగడికీ చేరినదానికి డబ్బివ్వాలి. ఊరి ఫలితాన్ని కూడా ఆ తూకంతోనే చూడాలి.

ఇది జరిగే పనేనా అంటే, జరిగిన చోట్లున్నాయి. పుణె నగరంలో చెత్త ఏరుకుని బతికే ఆడవాళ్ళు సహకార సంఘంగా ఏర్పడి, 2008లో నగర పాలికతో ఒప్పందం చేసుకుని ఇంటింటికీ వెళ్ళి సేకరించడం మొదలుపెట్టారు. పొడి చెత్త అమ్మిన డబ్బు వాళ్ళదే. కలిపేస్తే నష్టం వాళ్ళకే గనక, వేరుచేయని ఇంటిని నిలదీసి అడిగేదీ వాళ్ళే. కేరళలోని అలప్పుళలో, ఊరి చెత్త వేసే సర్వోదయపురం ప్రజలు లారీలను అడ్డుకున్నాక, 2012 నుంచి ఇళ్ళలోనూ వీధుల్లోనూ ఎరువు తొట్లు, గోబర్ గ్యాసు వంటి చిన్న ఏర్పాట్లు పెట్టుకున్నారు. తడి చెత్త ఊరు దాటకపోతే పొలిమేర దిబ్బ పెరగదు.

కనుక మీ పురసభవారు ఒక కొత్త పథకం తెచ్చినప్పుడు, యంత్రం ఖరీదు ఎంత అని అడగడానికి ముందు మూడు ప్రశ్నలు అడగండి. వేరుచేయని ఇంటి సంచి ఎక్కడికి పోతుంది? డబ్బు ఎత్తినదానికా, మళ్ళించినదానికా? బండి చివరకు ఆగే చోట ఎవరుంటున్నారు? మూడోదానికి జవాబు చెప్పలేని పథకం ఎంత గొప్పదైనా, ఇంకొక మండూరును తయారుచేస్తుంది.

వీటితో పాటు ఇంకొక మాట. చెత్త కలిపి ఇస్తే దాన్ని చేతితో విడదీసేది పౌరకార్మికులే. మనం చూడటానికే ముఖం తిప్పుకునేదాన్ని ఇంకొక అమ్మ వేళ్ళతో కెలకాలి. బ్లేడును కాగితంలో చుట్టి విడిగా ఇవ్వడం, డయపరును పొట్లం కట్టి ఇవ్వడం ఏ పథకం కోసమూ ఆగనక్కరలేదు. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ వంటింట్లో రెండో బుట్ట ఒకటి పెట్టి చూడండి. రేపు పొద్దున బండి వచ్చినప్పుడు, ఆ రెండూ బండిలో విడివిడిగానే పడుతున్నాయా అని గడపలో నిలబడి చూడండి. కలిపేస్తే అక్కడే అడగండి. కోప్పడకుండా అడగండి, రోజూ అడగండి.