రిపోర్టు చేతికిచ్చాక

క్లినికల్ సైకాలజీ పట్టాలు అందుకున్న మీకు ఒక్క మాట చెప్పాలి.

ఓ తండ్రి కొడుకును తీసుకుని నా దగ్గరికొచ్చాడు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో రూపొందిన ఆటిజం స్కేలులోని 40 అంశాలూ ఒక్కొక్కటే అడుగుతున్నాను. సగం దాటాక ఆయన ఆగి, “ఇవన్నీ బాబు గురించా, నా గురించా?” అన్నాడు.

బ్యాంకు ఉద్యోగి. నలభై దాటాయి. కొత్త చొక్కా మెడ దగ్గర లేబుల్ కత్తిరించందే తొడుక్కోలేడు. పెళ్లిళ్లలో ఎప్పుడూ వడ్డనకే నిలబడేవాడట. “గరిటె చేతిలో ఉంటే ‘ఇంకొంచెం పప్పు వెయ్యనా’ అంటే చాలండీ, వేరే కబుర్లు అక్కర్లేదు.” చుట్టాలంతా ఎంత కలుపుగోలు మనిషో అనుకున్నారు. ఇంటికొచ్చాక రెండ్రోజులు గదిలోంచి బయటికి రాడని భార్యకే తెలుసు.

ఆయన బడికెళ్లే రోజుల్లో ఇలాంటి పిల్లాడికి దొరికిన పేర్లు మొండి, పొగరు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు, 2016 చట్టంలో చేరింది. ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం, అణకువ గల పిల్ల అని సరిపెట్టేశారు.

“పెళ్లయింది, ఉద్యోగముంది, కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు, మీకు ఆటిజమేమిటండీ” అని పంపించేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలా చూడ్డం ఎలా నేర్చుకున్నారని అడిగారా? ఆయన చూసేది కనుబొమల మధ్యన!

సరే, ఇలాంటి మనిషికి ఆటిజమని నిర్ధారణ చేశారు, సంతకం పెట్టారు. అక్కడితో ‘తర్వాతివాళ్లు రండి’ అనేయకండర్రా. ఇన్నేళ్లు పడ్డ మాటలన్నీ ఆ రాత్రి ఆయనకు మళ్లీ గుర్తొస్తాయి. అవి ఎవరితో చెప్పుకుంటాడు? తానూ ఆటిస్టిక్ అయిన పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లోనే చెప్పాడు, అర్థం కాకపోవడం రెండువైపులా ఉందని. మనం ఆటిస్టిక్ మనుషులకు అర్థం కానట్టే, వాళ్లూ మనకు అర్థం కావడం లేదు. అందుకే ఆ తండ్రిని తనలాంటి మరికొందరు పెద్దవాళ్లతో కూర్చోబెట్టాను. పనులు నోటితో కాక రాసిమ్మని మేనేజరును ఎలా అడగాలో, ఫంక్షన్ నుంచి ఎవరికీ కోపం రాకుండా ఎప్పుడు లేచిపోవాలో వాళ్లు చెప్పారు. నా పుస్తకాల్లో ఇవి లేవు.

మీరు ఏ ఊళ్లో చేరినా, ఇలాంటి పెద్దవాళ్లు కలుసుకోవడానికి నెలకో ఆదివారం ఆస్పత్రిలో ఓ గది అడిగి తీసుకోండి. కుర్చీలు వేసి, మీరు బయటికొచ్చేయండి. మాట్లాడనివాళ్లను మాట్లాడమని ఎవరూ బలవంతం చేయకూడదని ముందే చెప్పండి. ఆ గదిలో ట్యూబులైటు గుయ్యిమంటుంటే, ఎవరినీ పిలవకముందే దాన్ని మార్పించండి.