మందు చేతిలో ఉన్నప్పుడు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం, పూర్వ విద్యార్థుల సంఘం ప్రస్తుత విద్యార్థుల కోసం ఏర్పాటు చేసిన ఫార్మకాలజీ పునశ్చరణ తరగతిలో చేసిన ప్రసంగం)

పిల్లలూ, నిన్న రాత్రి డాన్సులు అయ్యేసరికి పదకొండు దాటింది. పొద్దున్నే లేపి ఫార్మకాలజీ అంటే మీ మొహాలు ఎలా ఉన్నాయో ఇక్కణ్ణుంచి నాకు బాగానే కనిపిస్తోంది. నేనూ ఈ హాల్లోనే, అదిగో ఆ మూడో వరుసలో, అదే మొహంతో కూర్చున్నదాన్నే.

సంఘం వాళ్లు నాకు ముప్పావుగంట ఇచ్చి, "బేసిక్స్ ఒకసారి తిరగెయ్యండి సిస్టర్" అన్నారు. మందుల పేర్లు, వర్గాలు, సైడ్ ఎఫెక్టులు మీ నోట్సుల్లో ఉన్నాయి. నాకంటే మీకే బాగా గుర్తుంటాయి. డాక్టరుగారు రాస్తారు, ఫార్మసీ వాళ్లు ఇస్తారు, కానీ రోగి ఒంట్లోకి మందు వెళ్లేది మన చేతి మీదుగా. మన తర్వాత ఆపడానికి ఇంకో చెయ్యి లేదు. అందుకని ట్రే పట్టుకుని మంచం దగ్గరికి నడిచే ఆ ఇరవై అడుగుల్లో పనికొచ్చేంత ఫార్మకాలజీ మాత్రమే చెప్తాను.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. ఇక్కడున్న వాళ్లలో ఇద్దరు ముగ్గురికి తప్ప ఇది ఎవరికీ తెలీదు. ఆస్పత్రి పేరు అడక్కండి.

తొంభైల్లో మాట. మెడికల్ వార్డులో షుగరుతో ఒక పెద్దాయన చేరారు. రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ 20 యూనిట్లు అని రాశారు. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి ఉంటుంది. 100 యూనిట్లదానికి నారింజ రంగు మూత సిరంజి. ఆ వారం స్టోరులో ఎర్ర మూతవి అయిపోయాయి, నారింజ మూతవి పంపించారు. నేను చూసింది సిరంజి మీది గీతల్ని. 20 అన్న గీత దాకా లాగాను, ఇచ్చాను, చార్టులో సంతకం పెట్టాను.

ఇప్పుడు లెక్క చూడండి. 100 యూనిట్ల సిరంజిలో 20 గీత అంటే 0.2 మి.లీ. ఆ సీసాలో మి.లీ.కి ఉన్నవి 40 యూనిట్లే. 0.2ని 40తో గుణించండి. ఎనిమిది. ఇరవై ఇచ్చానని రాసి ఎనిమిది ఇచ్చాను. మర్నాడూ అంతే. షుగరు దిగలేదు. రౌండ్స్‌లో డాక్టరుగారు చార్టు చూసి 30కి పెంచారు. నేను 12 ఇచ్చాను. మళ్లీ దిగలేదు, 36 చేశారు.

నాలుగో రోజు నాకు వీక్లీ ఆఫ్. వేరే సిస్టర్ డ్యూటీ. ఆవిడ సిరంజి చూసి, ఇది కాదని చెప్పి, రోగి బంధువుల చేత బయటి షాపులో ఎర్ర మూతది తెప్పించింది. 36 యూనిట్లు సరిగ్గా ఇచ్చింది. తెల్లవారుజామున పెద్దాయన పక్కబట్టలు తడిసిపోయేంత చెమటలు పట్టి, మాట తడబడి, మనుషుల్ని గుర్తుపట్టడం మానేశారు. షుగరు 38. 25 శాతం డెక్స్‌ట్రోస్ 100 మి.లీ. ఎక్కించారు, లేచి కూర్చున్నారు. దేవుడి దయ అనుకోండి, ఆ సిస్టర్ రాత్రి రెండుసార్లు మంచాల చుట్టూ తిరిగి చూడటం అనుకోండి.

మెమో ఆవిడకి వచ్చింది. మొత్తం వార్డులో సరైన డోసు ఇచ్చింది ఆవిడొక్కతే.

ఆవిడ సిరంజి గురించి చెప్పింది గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఆ మధ్యాహ్నం డ్రెస్సింగ్ రూములో రెండు సిరంజిల్లోకీ నీళ్లు లాగి పక్కపక్కన పెట్టి చూశాను. అప్పుడర్థమైంది. అర్థమయ్యాక కూడా నోరు తెరవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆవిడ నాతోనే కూర్చుని టీ తాగింది. మూడో రోజు వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరికెళ్లి చెప్పాను. ఆవిడ మెమో వెనక్కి తీసుకున్నారు, నాకు ఒకటి ఇచ్చారు. ఇంట్లో సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది, నా డిప్లొమా పక్కనే.

ఇందులో మీరు చదవని ఫార్మకాలజీ ఒక్క ముక్క లేదు. సాంద్రత అంతే. మి.లీ.లో ఎంత ఉంది? సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది మందు పేరు, కంపెనీ పేరు. మనకి కావలసింది చిన్న అక్షరాల్లో ఉంటుంది. తారుమారైతే ఇంకా ప్రమాదం. 100 యూనిట్ల ఇన్సులిన్ని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి పోయేది 50 యూనిట్లు.

పిల్లల వార్డులో ఇదే కథ పారాసెటమాల్‌తో నడుస్తుంది. డ్రాప్స్ అంటే చిన్న సీసా, చిన్న మందు అనుకుంటారు తల్లులు. డ్రాప్స్‌లో మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కి 120, ఇంకో రకంలో 250. పది కిలోల బిడ్డకి కిలోకి 15 చొప్పున 150 మి.గ్రా. కావాలి, అంటే డ్రాప్స్ ఒకటిన్నర మి.లీ. ఆ అమ్మ సిరప్‌కి అలవాటుపడిన చేత్తో చెంచాడు డ్రాప్స్ పోస్తే బిడ్డకి 500 వెళ్తుంది. డిశ్చార్జి చేసేటప్పుడు "జొరం వస్తే మందు వెయ్యమ్మా" అని పంపెయ్యకండి. ఆమె సీసా ఆమె చేతే పట్టించి, గీత చూపించి, ఎంత పోస్తావో చెప్పమనండి.

మందు ఏ దారిన వెళ్తుందో కూడా చూడాలి. గుండెనొప్పికి సార్బిట్రేట్ నాలుక కింద పెట్టమంటాం. మన పెద్దవాళ్లు అలవాటుగా గ్లాసుడు నీళ్లతో మింగేస్తారు. మింగితే అది పేగుల్లోంచి ముందు లివర్‌కి పోతుంది, అక్కడే చాలా భాగం విరిగిపోతుంది. ఫస్ట్ పాస్ అని పరీక్షలో రాసేది ఇదే. నాలుక కిందైతే నేరుగా రక్తంలో కలుస్తుంది, నిమిషాల్లో పనిచేస్తుంది. రైల్స్ ట్యూబ్ ఉన్న రోగికి మాత్రలు నూరి పోసేటప్పుడు కూడా స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి. ఎస్.ఆర్. అనో, రిటార్డ్ అనో ఉంటే నూరకూడదు. రోజంతా కొద్దికొద్దిగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది. బీపీ మాత్రైతే బీపీ పడిపోతుంది. డాక్టరుగారికి ఫోన్ చేసి వేరేది రాయించుకోండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక ఎంతసేపు ఉంటుంది, ఎటు పోతుంది. డిగాక్సిన్ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. కిడ్నీలు బాగున్నవాళ్లలో దాని హాఫ్ లైఫ్ ఒకటిన్నర నుంచి రెండు రోజులు. కిడ్నీలు నెమ్మదిస్తే అది ఒంట్లోనే పేరుకుంటుంది. పక్కన లేసిక్స్ కూడా ఉంటే పొటాషియం తగ్గి, అదే డోసు విషమౌతుంది. అందుకే ఇచ్చేముందు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి పూర్తిగా ఒక్క నిమిషం లెక్కపెట్టమనేది. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం కాదు. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే ఆపి, చెప్పండి. ముందురోజు దాకా తిన్న మనిషి అన్నం వద్దంటున్నాడన్నా, వాంతులన్నా, అన్నీ పసుప్పచ్చగా కనిపిస్తున్నాయన్నా వయసు మీద నెట్టెయ్యకండి.

సమయం గురించి ఒక్క మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీకు తెలుసు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపించిన పరిశోధనల్లోంచే ఫోలిక్ యాసిడ్ తయారీ, దానికి ఎదురు పనిచేసే మెథోట్రెక్సేట్ రెండూ వచ్చాయి. కీళ్లవాతం రోగులకి ఇప్పుడు ఆ రెండూ ఒకే చీటీలో ఉంటాయి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. చీటీ అర్థంకాక రోజూ వేసుకుంటే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. "వారానికోసారి" అంటే సరిపోదు. మంగళవారమో, గురువారమో, వాళ్లకి గుర్తుండే రోజు పేరు చెప్పి కవరు మీద తెలుగులో రాసివ్వండి.

మా కాలంలో సరైన రోగి, మందు, మోతాదు, మార్గం, సమయం అని ఐదు చెప్పేవారు. ఇప్పటి పుస్తకాల్లో పది దాకా పెంచారు. పెంచినందుకు నాకేం అభ్యంతరం లేదు గానీ, రాత్రి మూడింటికి పది గుర్తుండవు. ఐదు గుర్తుంటాయి.

సరే, బోర్డు మీద ఒక లెక్క వేద్దాం. లేబర్ రూములో ఎక్లాంప్సియా కేసు. మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు నరానికి, 20 శాతం ద్రావణంగా, నెమ్మదిగా, ఐదు నిమిషాలకి తగ్గకుండా. మీ చేతిలో ఉన్నవి 50 శాతం ఆంప్యూల్స్, ఒక్కోటి 2 మి.లీ. ఎన్ని ఆంప్యూల్స్, ఎంత డిస్టిల్డ్ వాటర్? ముందు వరుసలో అక్కయ్యలు నోరు మెదపకూడదు. మూడో వరుసలో ఆ చివరమ్మాయి, నువ్వు చెప్పమ్మా.

నాలుగు ఆంప్యూల్స్, 8 మి.లీ. నీళ్లు 12. మొత్తం 20. కరెక్టు. తర్వాతి డోసుకి ముందు ఏం చూస్తావు? మోకాలి రిఫ్లెక్స్, బాగుంది. శ్వాస నిమిషానికి 16కి తగ్గకూడదు, యూరిన్ గంటకి 30 మి.లీ. ఉండాలి. ఇంకొకటి, నీ ట్రేలో విరుగుడు ఏముంది?

కాల్షియం గ్లూకోనేట్. 10 శాతం, 10 మి.లీ. మొదటి ఆంప్యూల్ విరిచేముందే ట్రేలో ఉండాలి. కూర్చో తల్లీ. ఇక మీరు అడగండి.