ఏ గంట దగ్గర ఆపాలి?

(ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో జరిగిన మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే సంక్రాంతి బొమ్మల కొలువులో దేవుళ్లతో పాటు ఒక యుద్ధాన్ని కూడా పెడదామని పిల్లలు పట్టుబట్టారు. అదీ బొబ్బిలి యుద్ధమే కావాలట. ఎంబీఏ చదివాడు, ప్లానింగు వస్తుందని పని నాకు అప్పజెప్పారు. ప్లాను చెప్పే ముందు, ఇలాంటి పనిలోనే సగం జీవితం ఖర్చు చేసిన ఒక ఆంగ్లేయుడి సంగతి చెబుతాను. అది వింటే మనం దేని గురించి జాగ్రత్తపడాలో తెలుస్తుంది.

అతని పేరు విలియం సైబార్న్. సైన్యంలో చిన్న అధికారి. 1815 జూన్ 18న వాటర్లూలో నెపోలియన్ ఓడిపోయాడు. ఓడించిన వెల్లింగ్టన్ మనకు కొత్తవాడు కాదు, అంతకు ముందు శ్రీరంగపట్నంలోనూ అస్సయేలోనూ పోరాడినవాడే. ఆ యుద్ధానికి పెద్ద నమూనా చేయమని 1830లో ప్రభుత్వం సైబార్న్‌కు పని ఇచ్చింది. అతను నేరుగా యుద్ధభూమికి వెళ్లి, అక్కడి ఒక పొలం ఇంట్లోనే 8 నెలలు కాపురం ఉండి ఎత్తుపల్లాలన్నీ కొలిచాడు. తర్వాత యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాశాడు: సాయంత్రం 7 గంటలకు మీ దళం సరిగ్గా ఎక్కడుంది? మీ ఎదుట ఎవరున్నారు? పొలంలో ఏ పంట ఉంది?

జవాబులు వందల్లో వచ్చాయి. ఒకదానితో ఒకటి కుదరవు. పదిహేనేళ్లు దాటిన జ్ఞాపకాలు, పైగా ఎవరి దళం వాళ్లకు గొప్ప. ఆ ఉత్తరాలను పారేయకుండా దాచాడు. 1891లో అతని కొడుకు వాటిలో కొన్నింటిని పుస్తకంగా తెచ్చాడు. నన్నడిగితే బొమ్మలకన్నా ఆ కాగితాలే గొప్ప ఆస్తి.

1838లో నమూనా లండన్‌లో ప్రదర్శనకు వచ్చింది. సుమారు 400 చదరపు అడుగులు, అంటే మనలో కొందరి క్వార్టర్సులో రెండు గదులంత. దాని మీద దాదాపు 75 వేల తగరం, సీసం బొమ్మలు, ఒక్కొక్కటి సుమారు సెంటీమీటరు ఎత్తు. లక్షమంది దాకా చూశారని చెబుతారు. అయినా సైబార్న్ అప్పు తీరలేదు. ఎందుకంటే 1833లోనే ప్రభుత్వం డబ్బు ఆపేసింది. మిగతాదంతా సొంత సొమ్ము, అప్పులు. ఖర్చు 3 వేల పౌండ్ల వరకు అయింది. ఇలాంటి ప్రపోజల్ మన దగ్గరికి వస్తే సెక్యూరిటీ కింద ఏం రాసుకుంటాం? 75 వేల మంది సైనికులు, ఒక్కడూ కదలడు!

డబ్బు సంగతి అలా ఉంచండి. అసలు చిక్కు ఆ 7 గంటలతో వచ్చింది. నెపోలియన్ గార్డు దళం ఆఖరి దాడికి దిగిన సమయం అది. ఆ వేళకు వెల్లింగ్టన్‌కు సాయంగా ప్రష్యా రాజ్యపు సైన్యం కూడా వచ్చి నెపోలియన్ కుడి పక్కన గట్టిగా పోరాడుతోంది. సైబార్న్ తనకు దొరికిన సాక్ష్యం ప్రకారం వాళ్లను వేల సంఖ్యలో బల్ల మీద నిలబెట్టాడు. అది వెల్లింగ్టన్ అధికారిక నివేదికతో పొసగలేదు. గెలుపులో సగం పక్కవాడికి పోతున్నట్టు కనబడుతోందని పైనుంచి ఒత్తిడి వచ్చింది. చివరికి ప్రష్యన్ల బొమ్మల్లో చాలావాటిని తీసేశాడు. ఉత్తరాలు రాసి, నేల కొలిచి, ఇంత చేసిన మనిషి!

ఇది మన ఇళ్లలో అందరికీ అర్థమయ్యే విషయం. మార్చి 31 రాత్రి మీ ఆయనో మీ అమ్మో ఇంటికి ఎందుకు ఆలస్యంగా వస్తారో మీకు తెలుసు. బ్యాలెన్స్ షీట్ ఒక్క తేదీకి తీసిన ఫొటో. అంతకు పది రోజుల ముందు తీస్తే ఒకలా, తర్వాత తీస్తే ఇంకోలా ఉంటుంది. బల్ల మీది యుద్ధమూ అంతే. ఏ గంట దగ్గర ఆపామన్నదాన్ని బట్టి వీరుడు మారిపోతాడు.

ఇక మన బొబ్బిలి. 1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ, అతని పక్కన విజయనగరం ప్రభువు విజయరామరాజు, కోటలో రంగారావు. ఫిరంగుల దగ్గర ఆపితే బుస్సీ బలం కనిపిస్తుంది. కొద్ది రాత్రుల తర్వాత తాండ్ర పాపారాయుడు గుడారంలోకి దూరి విజయరామరాజును చంపిన ఘడియ దగ్గర ఆపితే కథ మొత్తం పాపారాయుడిది. కథలు చెప్పేవాళ్లు, 1964లో వచ్చిన సినిమా, మనకు ఎక్కువగా బొబ్బిలి వైపు నుంచే చెప్పారు. ఈ హాల్లో రైల్వే పనికి తాతల నాడు వచ్చి స్థిరపడిన కుటుంబాలున్నాయి. వాటిలో బొబ్బిలి వాళ్లూ ఉన్నారు, విజయనగరం వాళ్లూ ఉన్నారు. టీ బల్ల దగ్గర అప్పుడే వాదన మొదలైందని విన్నాను.

కాబట్టి ఒకటి కాదు, రెండు బల్లలు పెడదాం. సైబార్న్ కూడా తర్వాత అదే యుద్ధంలోని ముందరి ఘట్టంతో, పెద్ద బొమ్మలతో రెండో నమూనా చేశాడు. మొదటి బల్ల మీద 24వ తేదీ పొద్దున్న, రెండో దాని మీద గుడారం. ఓటమి ఖాయమయ్యాక కోటలోని ఆడవాళ్ల, పిల్లల ప్రాణాలు వాళ్ల సొంతవాళ్లే తీశారు. దాన్ని బొమ్మల్లో చూపించవద్దని నా మాట. కోట లోపల ఒక్క బొమ్మా పెట్టం, తలుపు మూసే ఉంచుతాం. ఎందుకు మూశామని పిల్లలు అడిగితే పెద్దలు చెప్పాలి, దాటవేయకూడదు.

లెక్క ఇదీ. ఒక బొమ్మకు రంగులు వేయడానికి 10 నిమిషాలు అనుకోండి. సైబార్న్ లాగా 75 వేలైతే రోజుకు 8 గంటల చొప్పున ఒక మనిషికి సెలవు లేకుండా 4 ఏళ్లు దాటుతుంది. మనకు 300 చాలు. అంటే 50 గంటలు. పదిమంది పిల్లలు కూర్చుంటే తలా 5 గంటలు. ఒక బొమ్మ పూర్తిచేసి ఇంకోటి అందుకోకండి. ముందు అన్నిటికీ అస్తరు, తర్వాత అన్నిటికీ ఒంటి రంగు, ఆ తర్వాత బట్టలు. ఈ పార్కులోని కార్ఖానాల్లో పని సాగేది అలాగే. బాగా పలచన చేసిన ముదురు రంగు పైన పూస్తే మడతల్లో దిగి నీడలా నిలుస్తుంది. పొడి బ్రష్‌తో లేత రంగు అంటీ అంటనట్టు రుద్దితే ముక్కూ మోచేతులూ తేలతాయి. ముందు వరసలకే కళ్లూ మీసాలూ. వెనక వరసల్లో ఎవరూ మీసాలు లెక్కపెట్టరు.

కోట గోడకు థర్మోకోల్ మీద జిగురు పూసి, జల్లించిన మొరం చల్లితే మట్టిగోడే అనిపిస్తుంది. మొరానికి ఖరగ్‌పూర్‌లో కరువు లేదు. వాడేసిన టీ పొడి ఎండబెట్టి దాచండి, నేలకు పనికొస్తుంది.

పంపకం ఒక్కటి మిగిలింది. గుడారం బల్ల మీద విజయరామరాజు బొమ్మ బొబ్బిలి వాళ్ల పిల్లలు చేస్తారు. పాపారాయుడి బొమ్మ విజయనగరం వాళ్ల పిల్లలది. ఎవరిదైనా అందవికారంగా వస్తే మళ్లీ చేయిస్తాను. పేర్లు ఇవాళే ఇవ్వండి, రంగుల డబ్బాలు శనివారం వస్తాయి.