లైసెన్సు సెక్షను నుంచి జింక వేటకు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను అమెరికా అనుభవాలు చెప్పమన్నారు. నయాగరా జలపాతం గురించి, అక్కడి దేవాలయాల గురించి ఈ వేదిక మీద ఇప్పటికే చాలామంది చెప్పారు. నేను వేరే సంగతి చెబుతాను. డెబ్బై రెండో ఏట నేను తుపాకి పట్టి ఒక జింకను కొట్టాను. జీవహింస గిట్టనివారు క్షమించాలి. ఈ కాసేపూ బయటికి వెళ్ళి కాఫీ తాగి వచ్చినా నేనేమీ అనుకోను.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. మన దేశంలో జింకల వేట నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట వేట లైసెన్సులకు కొంత చోటుండేది. 1991 సవరణతో అదీ పోయింది. పైగా ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక, తెలంగాణకు చుక్కల జింక రాష్ట్ర జంతువులు. కనుక నేను చెప్పబోయేదంతా విస్కాన్సిన్ రాష్ట్రంలో, అక్కడి చట్టానికి లోబడి, లైసెన్సు పుచ్చుకుని చేసిన పని. ఇక్కడ ఎవరూ దీన్ని ఆదర్శంగా తీసుకోవద్దని మనవి.

నన్నెరిగినవారికి ఇందులో తమాషా ఏమిటో వెంటనే తెలుస్తుంది. బందరు కలెక్టరాఫీసులో, మెజిస్టీరియల్ సెక్షనులో, ఆయుధ లైసెన్సుల సీటు నేను పదకొండేళ్ళు చూశాను. ఎస్.బి.బి.ఎల్., డి.బి.బి.ఎల్., రివాల్వరు, పిస్తోలు - ఇవి నాకు రిజిస్టరులో అక్షరాలు. దరఖాస్తు రాగానే పోలీసు రిపోర్టుకు ఒక లెటరు, రెవెన్యూ రిపోర్టుకు ఒక లెటరు, రెండూ వచ్చాక నోటు పెట్టి ఫైలు పైకి పంపడం. అప్పట్లో మూడేళ్ళకొకసారి రెన్యూవల్. ఎన్నికలొస్తే తుపాకులన్నీ పోలీసుస్టేషన్లలో డిపాజిట్ చేయించే హడావుడి. ఇంత చేసీ ఒక్కనాడు తుపాకి చేత్తో పట్టుకోలేదు. పట్టుకోవాలనీ అనిపించలేదు. లైసెన్సుదారులు ఆఫీసుకు తెచ్చి చూపించినా, నంబరు సరిచూసి "తీసుకెళ్ళండి బాబూ" అనేవాణ్ణి.

2009లో రిటైరయ్యాను. మా అబ్బాయి అమెరికా పౌరుడయ్యాక మా ఇద్దరికీ గ్రీన్ కార్డులు తెప్పించాడు. వాడి ఇల్లు మాడిసన్ నగరానికి పడమటగా, పొలాల అంచున ఉంది. పొద్దున ఎనిమిదింటికి అబ్బాయి, కోడలు ఆఫీసుకి, పిల్లలు బడికి. ఇక సాయంత్రందాకా మేమిద్దరం, ఆ ఇంటి నిశ్శబ్దం. అక్కడ కొన్నాళ్ళున్న తల్లిదండ్రులకు దీని సంగతి నేను చెప్పనక్కరలేదు. మా ఆవిడకు వంటిల్లుంది, ఫోనులో చెల్లెళ్ళున్నారు. నాకేముంది? బందరులో అయితే సాయంత్రం నలుగురం చేరి డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకుంటాం. అక్కడ ఎవరితో మాట్లాడను?

పక్క ఫారం పెద్దాయన అలా పరిచయమయ్యాడు. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. మొక్కజొన్న, సోయా వేస్తాడు. పిల్లలు దూరాన స్థిరపడ్డారు. ఏటా ఆయనతో వేటకు వచ్చే తమ్ముడు ఆ వేసవిలోనే పోయాడు. నా ఇంగ్లీషు ఆయనకు సగం, ఆయన ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది. సాయంత్రాలు ఆయన చేను గట్టున నడిచేవాళ్ళం. చేను మధ్యలో జింకలు మేసిన చోట్లు చూపించేవాడు. ఆ ప్రాంతంలో వాటిని తినే తోడేళ్ళు లేనట్టే. జింకల సంఖ్య మితిమీరి పంటలు పోతాయి, రాత్రిళ్ళు కార్లకు అడ్డం వచ్చి మనుషులకూ దెబ్బలు తగులుతాయి. అందుకని ఏటా వేట ద్వారానే సంఖ్యను అదుపులో పెడతారు. ఏ కౌంటీలో ఎన్ని ఆడజింకలకు అనుమతి అన్నది కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

"నువ్వు కూడా రారాదా?" అన్నాడొకరోజు. నాకు వేట మీద కన్నా, తమ్ముడు లేకుండా ఆయన ఒక్కడూ వెళ్ళి కూర్చోవడం మీదికి మనసు పోయింది. సరేనన్నాను.

నా గుమస్తా బుద్ధి కొద్దీ ముందు రూల్సు పుస్తకం చదివాను. 1973 జనవరి 1న గాని, ఆ తరవాత గాని పుట్టినవారు వేట శిక్షణ పాసైతేనే అక్కడ లైసెన్సు ఇస్తారు. నేను 1951 వాణ్ణి కనుక మినహాయింపు. పుట్టిన తేదీ వల్ల సర్వీసులో ఏనాడూ లాభపడలేదు, అక్కడ పడ్డాను! మొదటిసారి కొనే స్థానికులకు లైసెన్సు ఫీజు అయిదు డాలర్లే. పోలీసు రిపోర్టు లేదు, నోట్ ఫైలు లేదు. పది నిమిషాల్లో చేతికొచ్చింది. పదకొండేళ్ళు ఆ సీటు చూసినవాణ్ణి, కాస్త బాధ కూడా కలిగింది. తుపాకి విషయంలో మన పద్ధతే మేలని నా అభిప్రాయం, ఎవరేమనుకున్నా సరే.

శిక్షణ అక్కర్లేదని చట్టం అన్నా ముసలాయన ఊరుకోలేదు. వేసవి అంతా తన రైఫిలుతో, గుళ్ళు లేకుండా, నాకు నాలుగు సూత్రాలు నేర్పాడు. ఏ తుపాకినైనా గుండు ఉన్నట్టే చూడు. గొట్టం ఎప్పుడూ ప్రమాదం లేని దిక్కుకే ఉంచు. కాల్చబోయేదేమిటో, దాని వెనక ఏముందో నిశ్చయంగా తెలుసుకో. కాల్చే క్షణందాకా వేలు ట్రిగ్గరు మీదికి పోనీకు. ఈ నాలుగూ నాచేత రోజూ అప్పచెప్పించేవాడు.

ఇంట్లో మాత్రం పెద్ద గొడవ. "నాన్నా, ఈ వయసులో ఇదేం సరదా?" అన్నాడు అబ్బాయి. మా ఆవిడ అంతటితో వదల్లేదు. "జింక రూపంలో ఉన్న మునిని కొట్టి పాండురాజు ఏమయ్యాడో తెలియదా? శబ్దం విని బాణం వేసి దశరథ మహారాజు ఏం తెచ్చుకున్నాడో తెలియదా?" అంది. నేను మేకమాంసం సంగతి ఎత్తాను. "మేక వేరు, జింక వేరు" అంది. ఎందుకు వేరో ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పలేకపోయాను. కాని దశరథుడి మాట నా మనసులో నాటుకుపోయింది. ఆలోచిస్తే ఆయన తప్పింది ముసలాయన చెప్పిన మూడో సూత్రమే కదా! చూడకుండా, శబ్దాన్ని బట్టి కాల్చాడు. ఈ సంగతి నా సగం ఇంగ్లీషులో ముసలాయనకు చెప్పాను. శ్రవణకుమారుడి కథ అంతా విని, చాలాసేపు ఊరుకుని, "ఆ రాజుకు ఎవరూ నేర్పలేదన్నమాట" అన్నాడు.

తుపాకి సీజను తొమ్మిది రోజులు. నవంబరులో వాళ్ళ థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం మొదలవుతుంది. ఆ రాష్ట్రంలో అదొక పెద్ద పండుగ. లక్షలాది మంది అడవుల్లో, పొలాల్లో కూర్చుంటారు. ఒకరినొకరు కాల్చుకోకుండా నడుము పైన దుస్తుల్లో సగానికి తక్కువ కాకుండా కళ్ళు చెదిరే నారింజ రంగో, గులాబి రంగో ఉండాలి. టోపీకి కూడా అదే నియమం. ఆ వేషంలో నన్ను చూసి మనవరాలు నవ్విన నవ్వు ఇప్పటికీ మరిచిపోలేను.

జింకకు ఆ నారింజ రంగు మనకు కనిపించినట్టు కనిపించదట. దానికి ఉన్నదంతా ముక్కు, చెవి. అందుకని నేను నశ్యం మానాను. నలభై ఏళ్ళ అలవాటు! డాక్టరు చెబితే మానలేదు, జింక కోసం మానాను. తలకు కొబ్బరినూనె బందు. అగరుబత్తి, తాలింపు వాసనలు పట్టకుండా కోటు ఇంట్లోకి తేకుండా గరాజులోనే తగిలించేవాణ్ణి. గాలి మన వైపు నుంచి జింక వైపు వీస్తే ఆ పూటకు ఇంటికి పోవడమే.

2022లో మొదటి సీజను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, చీకట్లో నడిచి, చేను అంచున నేలమీద కట్టిన చిన్న గుడిసెలాంటి దాంట్లో ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్ళం. చలికి కాళ్ళు కొయ్యలయ్యేవి. మాట్లాడకూడదు, కదలకూడదు. ఆఫీసులో ఇన్నేళ్ళు కుర్చీలో కూర్చున్నవాణ్ణి గనుక ఆ పని నాకు బాగానే అబ్బింది. అయిదో రోజున ఒక మంచి కొమ్ముల జింక గుట్ట శిఖరం మీదికి వచ్చి నిలబడింది. నేను గొట్టం ఎత్తాను. దాని వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. గుట్టకు ఆవల రోడ్డుంది, ఒక ఇల్లుంది. గుండు తప్పితే ఎక్కడికి పోతుందో తెలియదు. దించేశాను. ముసలాయన నా భుజం మీద చెయ్యి వేశాడు, అంతే. ఆ ఏడు మాకిద్దరికీ ఏమీ దొరకలేదు.

2023 వేసవిలో కుడికంటి శుక్లం ఆపరేషను అయ్యాక రైఫిలు దుర్భిణిలోంచి లోకం కొత్తగా కనిపించింది. సెప్టెంబరు నుంచి వారానికొకసారి రేంజికి వెళ్ళి కాగితం మీద కాల్చేవాణ్ణి. పెద్దగా తన్నని చిన్న రైఫిలు ఇచ్చాడు ముసలాయన. నూరు గజాల్లో పళ్ళెం అంత వలయంలో అయిదుకు అయిదు పడేదాకా జింక మాట ఎత్తవద్దన్నాడు.

ఆ నవంబరులో మా దగ్గర నేల మీద మంచు లేదు. రెండో రోజు ఆదివారం పొద్దున ఏడు దాటాక ఒక ఆడజింక వచ్చింది, వెనకే ఆ ఏటి పిల్ల. అవి వేసవి మొదట్లో పుడతాయి, నవంబరుకల్లా పాలు మాని సొంతంగా బతకగలవు. ఆ సంగతి తెలిసి కూడా నేను కాల్చలేదు. ముసలాయన నావైపు చూశాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన విసుక్కున్నట్టే ఉంది. చట్టం ఒప్పుకుంటుంది, శాస్త్రం ఒప్పుకుంటుంది, నా చెయ్యి ఒప్పుకోలేదు.

మరో గంటకు కాలువ పక్క పొదల్లోంచి ఒంటరి ఆడజింక బయటికొచ్చింది. అరవై గజాలుంటుంది. వెనక ఎత్తైన మట్టిగట్టు. పక్కకు తిరిగి తల వంచి మేస్తోంది. ముందుకాలి వెనక, రొమ్ములో మూడో వంతు ఎత్తున గురిపెట్టాలని నేర్పాడు, అక్కడే ఊపిరితిత్తులు, గుండె. నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. ఊపిరి సగం వదిలి నొక్కాను. జింక ఒక్కసారి ఎగిరి పొదల్లోకి పోయింది.

వెంటనే లేవబోతే ముసలాయన చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. అరగంట కూర్చోవాలి. తరిమితే గాయపడిన జింక మైళ్ళు పోతుందట. నా సర్వీసులో అంత పొడుగు అరగంట లేదు. తరవాత నెత్తుటి చుక్కలు చూసుకుంటూ వెళితే నలభై అడుగుల దూరంలోనే పడి ఉంది. ఒక్క గుండుకే పోయింది.

ముసలాయన టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. నేనూ తీశాను. ఒంటి మీద చెయ్యి వేస్తే ఇంకా వేడిగా ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నాకు సంతోషం కలిగిందా అని అడుగుతారు. కలిగింది, అబద్ధమాడను. దానితోపాటే కడుపులో ఏదో తిప్పినట్టయింది. దరఖాస్తు ఫారంలో తుపాకి ఎందుకో అడిగే కాలమ్ ఒకటుంటుంది. అందులో 'స్పోర్ట్' అన్న మాటకు ఎన్ని వందల సార్లు పచ్చసిరాతో టిక్కు పెట్టానో! ఆ మాట అక్కడ నిలబడినప్పుడు గుర్తొచ్చింది.

వేటంటే కాల్చడమే అనుకుంటాం గాని, అసలు పని ఆ తరవాతే. అక్కడికక్కడే పొట్ట చీల్చి పేగులు తీయాలి, లేకపోతే మాంసం పాడవుతుంది. ఆయన చెబుతుంటే నేనే చేశాను. తరవాత ఇద్దరు ముసలివాళ్ళం అడుగడుక్కీ ఆగుతూ చేను అంచుదాకా లాగాం. కొట్టిన జింకను మర్నాడు సాయంత్రం అయిదింటిలోగా ప్రభుత్వానికి రిజిస్టరు చేయించాలి. మనం బతికున్నామని ఏడాదికొకసారి సర్టిఫికెట్టిస్తే చాలు, జింక చచ్చిందని చెప్పడానికి మాత్రం ఒక్కరోజే గడువు! ఫోనులో పని అయింది, ఒక నంబరిచ్చారు. ఆ నంబరు నా డైరీలో ఎర్రసిరాతో రాసి ఉంది.

అక్కడి జింకల్లో మెదడును తొలిచే ఒక వ్యాధి ఉంది. విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది. మనుషులకు సోకిన దాఖలా లేదు గాని, వ్యాధి ఉన్న మాంసం తినవద్దంటారు. అందుకని తల పరీక్షకు ఇచ్చాం. ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజరులోనే ఉంది. వ్యాధి లేదని వచ్చాక సగం ముసలాయనకు, సగం మాకు.

మా ఆవిడ ఏమంటుందోనని భయపడుతూ పొట్లం బల్ల మీద పెట్టాను. కాసేపు చూసి, "ప్రాణం తీసి తెచ్చి పారేస్తే అది ఇంకా పాపం" అని అల్లం వెల్లుల్లి నూరింది. మన వైపు మేకమాంసాన్నే వేటమాంసం అంటాం కదా, ఆ పేరు నిజమైంది మాత్రం ఆ పూటే. కొవ్వు లేని మాంసం, నీళ్ళు ఎక్కువ పోసి నెమ్మదిగా ఉడికించాలని ఆవిడే కనిపెట్టింది. ముసలాయన్ని భోజనానికి పిలిచాం. కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ రెండోసారి వడ్డించుకున్నాడు. మా ఆవిడ మాత్రం ఒక్క ముక్క నోట పెట్టలేదు. ఇప్పటికీ పెట్టదు.

మీలో ఎవరైనా విజిటరు వీసా మీద వెళుతుంటే తుపాకుల విషయంలో అక్కడి ఫెడరల్ చట్టం మనకు వేరుగా ఉంటుంది, కనుక్కోకుండా ముట్టుకోవద్దు. ఇంకొక ప్రశ్న మన ట్రెజరరుగారు వచ్చిన రోజునుంచీ వేస్తున్నారు - అంత వేటగాడివి, కొమ్ములేవీ తేలేదేమని. అయ్యా, నేను కొట్టింది ఆడజింక. దానికి కొమ్ములుండవు.